బొమ్మలో చిల్లులు: లారీ నెత్తిన మరతుపాకి

ఈ వారం మొట్టమొదట చెంపలేసుకోవాలి. మిగతా కబుర్లు ఆ తర్వాతే.

నెల కిందట ఇదే పేజీలో ఒక యుద్ధం బొమ్మ గురించి రాస్తూ, "మిలిటరీ లారీ టాపుకి గుండ్రంగా చిల్లు పెట్టి, అందులోంచి ఒక సోల్జర్ని నడుం దాకా పైకి లేపి, విమానం మీదికి తుపాకీ పేల్పించారు. ఇది డైరెక్టరుగారి సొంత కవిత్వం. నెత్తిన చిల్లున్న లారీ ఏ దేశంలో ఉంటుంది? వానొస్తే డ్రైవరు గొడుగేసుకుని తోలతాడా?" అని ఎకసెక్కం చేశాను. కడుపుబ్బ నవ్వుకున్నామని మీలో చాలామంది రాశారు. రేపల్లె నుంచి ఒకాయన మాత్రం నవ్వలేదు. పోస్టుకార్డు మీద మూడే ముక్కలు రాశాడు. "అయ్యా, లారీకి చిల్లుండదన్నారు. మా మిల్లు షెడ్డులో మా తాతగారు కొన్న మిలిటరీ లారీ ఉంది, దాని నెత్తిన చిల్లుంది. వచ్చి తల పెట్టి చూసుకోవచ్చు."

తల పెట్టి చూసుకోవచ్చట! విమర్శకుడన్నవాడికి ఇంతకంటే మర్యాదైన తిట్టు ఇంకోటి ఉండదు.

ఆ సినిమా పేరు మళ్ళీ ఎత్తను. నిర్మాతగారు నాతో మాట్లాడ్డం అప్పుడే మానేశారు. తప్పు నాదేనని తేలితే మళ్ళీ మాట్లాడ్డం మొదలుపెడతారేమో, అదింకా భయంగా ఉంది.

కార్డు చేతిలో ఉండగానే తెనాలి నుంచి మా మిత్రుడి ఫోను. వీడు పదేళ్ళపాటు ఆర్టు డిపార్టుమెంటులో సెట్లకి మేకులు కొట్టి, రంగులేసి, ఇప్పుడు సొంతంగా అరగంట బొమ్మ ఒకటి తీస్తున్నాడు. కథ తెనాలిదే. 1942 ఆగస్టు 12. క్విట్ ఇండియా రోజులు. జనం రైల్వే స్టేషను మీదికి వెళ్ళారు, స్టేషను తగలబడింది, పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు ప్రాణాలు పోయాయి. తెనాలి వెళ్ళినవాళ్ళకి తెలిసే ఉంటుంది, రణరంగ చౌక్‌లో ఆ ఏడుగురి గుర్తుగా స్తూపాలున్నాయి.

"ఆ స్తూపాల పక్కన బళ్ళు ఆపుకుని ఐస్‌క్రీం తినే పిల్లలకి అవేంటో తెలీదురా. వాళ్ళకోసం తీస్తున్నా. ఆగస్టు 12న ఊళ్ళోనే వెయ్యాలి," అన్నాడు. నాకు నిజంగా సంతోషం వేసింది.

"అయితే ఒక సాయం చెయ్యాలి. లారీ మీద మెషిన్ గన్ను ఎట్టా బిగిస్తారో కరెక్టుగా కనుక్కుని చెప్పు."

"ఏ లారీ?"

"పోలీసు లారీరా. స్టేషన్లోకి రివ్వున దూసుకొస్తది. పైన గన్ను గిర్రున తిరుగుద్ది. ఢడఢడఢడ! ఆ షాటు చెప్పాకే పెద్దమనిషి చెక్కు రాశాడు."

పెద్దమనిషి అంటే డబ్బు పెట్టే ఆసామి. నాకు ఆ క్షణంలో ఏ అనుమానమూ రాలేదు. మెషిన్ గన్ను బిగించే సంగతి కదా, ఎలాగూ రేపల్లె లారీ చూడాలి, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి అనుకుని తెనాలి రైలెక్కాను.

తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్ళకి కొదవ లేదు. కంచు పోసేవాళ్ళున్నారు, ఫైబరు చేసేవాళ్ళున్నారు, పాత మోటారు సామాన్ల తుక్కు ఏరి నిలువెత్తు బొమ్మలు నిలబెట్టేవాళ్ళూ ఉన్నారు. అందుకని మావాడి షెడ్డులో తుపాకీ చూస్తే ముచ్చటేసింది. పైపులూ చెక్కా కలిపి బ్రెన్ గన్ను చేశారు. రెండడుగుల దూరం నుంచి చూస్తే అసలుదే అనుకుంటారు. కానీ దాన్ని ఎక్కించిన వాహనం చూశాక నాకు నోటమాట రాలేదు. జబల్పూర్లో తయారైన నిస్సాన్ వన్ టన్ను. మన సైన్యం దశాబ్దాలు వాడి వేలం వేసిన బండి. ఆకుపచ్చ గీకేసి ఖాకీ రంగు కొట్టారు. క్యాబిన్ నెత్తిన ట్రాక్టరు చక్రం రిమ్ము ఒకటి పడుకోబెట్టి వెల్డింగు చేశారు. రిమ్ము అంచున గన్ను.

"ఒరేయ్, ఈ బండి మన దేశంలో పుట్టిందే 1960లలో. 1942లో తెనాలి స్టేషనుకి ఎట్టా వచ్చింది?"

"రంగు మార్చాంగా!"

రంగు మారిస్తే వయసు మారేది హీరోగార్లకి మాత్రమే. బళ్ళకి మారదు. మన వెండితెర మీద ఇలాంటి అకాల జననాలు బోలెడు. జీపు అనేది పుట్టిందే 1941లో, అమెరికాలో. 1922 నాటి మన్యం కథలో తెల్లదొర జీపు దిగితే, ఆయన ఇరవై ఏళ్ళు ముందుకెళ్ళి కొనుక్కొచ్చాడన్నమాట. శక్తిమాన్ లారీ జర్మనీ మాన్ కంపెనీ నమూనా మీద జబల్పూర్లో తయారవడం మొదలైంది 1950ల ఆఖర్లో. బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళిపోయి పదేళ్ళు దాటాక. అయినా స్వాతంత్ర్య పోరాటం సీనులో అదే వచ్చి ఆగుతుంది, అందులోంచే టోపీల పోలీసులు దూకుతారు.

తెనాలి పక్కనే బుర్రిపాలెం. ఆ ఊరి హీరో కృష్ణగారు 1974లో 'అల్లూరి సీతారామరాజు' తీస్తే, తెలుగులో మొదటి సినిమాస్కోపు బొమ్మ అని జనం బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశారని మా నాన్న ఇప్పటికీ చెబుతాడు. ఆ రాజుగారి అసలు కథలో నాకు ఇష్టమైన ముక్క ఒకటుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు కొల్లగొట్టి తుపాకులు పట్టుకెళ్ళాడు. పట్టుకెళ్ళేముందు ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషను రికార్డులోనే రాసిపెట్టాడు. తిరగబడ్డ మనిషే తుపాకులకి లెక్క రాస్తే, హాయిగా ఫ్యాను కింద కూర్చుని సినిమా తీసే మనకి ఏం రోగం?

ఇదంతా చెప్పి మావాణ్ణి తిట్టలేదు లెండి. రేపల్లె రమ్మన్నాను. మర్నాడు పొద్దున్నే ఇద్దరం రైలెక్కాం. వేమూరు, భట్టిప్రోలు దాటి లైను ఆఖరయ్యేచోట దిగాం. అక్కణ్ణించి ముందుకి పట్టాల్లేవు.

మిల్లు కుర్రాడు నన్ను చూసి నవ్వలేదు, కోప్పడనూ లేదు. "రండి సార్, తల కడుక్కునే వచ్చారా? దుమ్ముంది," అన్నాడంతే. షెడ్డు వెనక, తవుడు బస్తాల అవతల, చక్రాల్లేకుండా ఇటుకల మీద నిలబడి ఉంది లారీ. చెవ్రొలే. కెనడాలో తయారైన మిలిటరీ మోడలు. మామూలు లారీకి ముందు అద్దం వెనక్కి వాలి ఉంటుందా, దీనికి పై అంచు ముందుకి తోసుకొచ్చి, కింది అంచు లోపలికి పోయి, కుక్క మూతి ముడుచుకున్నట్టు ఉంది. అద్దం మీద పడ్డ ఎండ పైనున్న విమానానికి తళుక్కుమనకుండా అలా చేశారట. టాపు మీద, డ్రైవరు పక్క సీటు నెత్తిన, తారు పూసిన రేకు ఒకటి బిగించి ఉంది. కుర్రాడు స్క్రూలు ముందే వదులు చేసిపెట్టాడు. రేకు ఎత్తాడు. గుండ్రటి చిల్లు.

తల పెట్టాను. అన్నమాట ప్రకారం.

పెట్టి, సీటు మీద నిలబడితే, నడుం దాకా బయటికొచ్చాను. అచ్చం నేను ఎగతాళి చేసిన షాటులో సోల్జరు లాగే. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ పద్ధతి లారీలకి చాలావాటికి ఈ మూత ఉండేది. పక్కన కూర్చున్నవాడు లేచి నిలబడి ఆకాశం కనిపెట్టుకుని ఉండాలి. విమానం వాలిందంటే ఉన్న తుపాకీతో కొట్టాలి. వానొస్తే మూత వేసుకుంటారు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. సదరు డైరెక్టరుగారికి ఈ పేజీ ముఖంగా క్షమాపణలు.

యుద్ధం అయిపోయాక ఇలాంటి బళ్ళు వేలకి వేలు మన దేశంలో మిగిలిపోయాయి. ఓడలకెక్కించి వెనక్కి పంపడం దండగని వేలం వేశారు. చాలా ఊళ్ళల్లో అవే బస్సులయ్యాయి, ధాన్యం లారీలయ్యాయి. తుపాకీ కాపలా కాసిన చిల్లులోంచి, కొన్నాళ్ళు మిల్లు గుమాస్తా తల బయటికి పెట్టి బస్తాలు లెక్కపెట్టేవాడని కుర్రాడు చెప్పాడు.

మావాడు లారీ చుట్టూ తిరిగి, "ఇది నా రిమ్ము లాగే ఉందిగా, గుండ్రంగానే ఉంది," అన్నాడు. కాదు. ఇక్కడే అసలు తిరకాసు. కొంచెం ఓపిగ్గా చదవండి, మళ్ళీ యుద్ధం బొమ్మ చూసినప్పుడు పక్కవాడికి చెప్పి గొప్పలు పోవచ్చు.

మావాడు కాపీ కొట్టిన రిమ్ము అమెరికావాళ్ళది. వాళ్ళ జీఎంసీ రెండున్నర టన్నుల లారీల్లో ఇంచుమించు నాలుగింటికొకదానికి క్యాబిన్ పైన ఇనప చట్రం ఉండేది, గుండ్రటి పట్టా లాగా. ఆ పట్టా మీద చిన్న చక్రాల పీట దొర్లుతుంది. పీట మీద బ్రౌనింగ్ పాయింట్ ఫిఫ్టీ మెషిన్ గన్ను. మిలిటరీవాళ్ళు ఈ పీటని మౌంటు అంటారు. గన్ను ఒక్కటే 38 కిలోలు. పీటతో సహా నాలుగు దిక్కులకీ తిప్పొచ్చు. హాలీవుడ్ బొమ్మల్లో గిర్రున తిరిగేది ఇదే. మన బళ్ళ మీద, అంటే బ్రిటిష్‌వాళ్ళ బళ్ళ మీద, ఈ రిమ్ము మామూలుగా ఉండదు. వాళ్ళది మూత, చేతిలో గన్ను. కాదంటే లారీ వెనక తొట్టిలో గుంజ లాంటి స్టాండు పాతి, దాని మీద జంట బ్రెన్ గన్నులు, ఒక్కోదానికి వంద గుళ్ళ డ్రమ్ము. ఎడారిలో తిరిగిన లాంగ్ రేంజ్ గ్రూపు చెవ్రొలేల మీద కూడా గుంజలే, వాటి మీద లూయిస్ గన్నులూ వికర్స్ గన్నులూ. ఆ ఎడారి పనికి మన సైన్యం నుంచి కూడా ఒక దళం వెళ్ళింది, ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ అని. దాని మీద ఎవరన్నా సినిమా తీస్తే మొదటాట మొదటి టికెట్టు నాది.

యుద్ధకాలంలో మన దేశంలోనే కట్టిన కవచం బండి ఒకటుండేది. చాసిస్సు కెనడా ఫోర్డుది, కవచం టాటాలది. సోల్జర్లు దాన్ని టాటానగర్ అని పిలిచేవారట. మొత్తం 4,655 కట్టారు. పేరు చూడండి, ఎంత బావుందో! మన హీరో టాటానగర్ ఎక్కి వచ్చాడంటే ఆ ఎంట్రన్సుకి ఈలలు పడవూ? కానీ ఎవరికీ పట్టదు.

క్రిష్ గారి 'కంచె' 2015లో వచ్చినప్పుడు నేను రెండుసార్లు చూశాను. కథ 1944లో, ఇటలీలో. యుద్ధం భాగాలు జార్జియా దేశం వెళ్ళి తీశారు. మన గుంటూరు జిల్లా మనిషి మన సోల్జర్లని ఆ యుద్ధంలో చూపించడం చిన్న సంగతి కాదు, జాతీయ అవార్డు ఊరికే రాలేదు. అలాంటి కథకి బండీ గన్నూ పీటా అన్నీ కావాలి, ఖర్చు పెట్టాల్సిందే. తెనాలి స్టేషను కథకి కావాలా? ఈ ప్రశ్న నాకు రేపల్లెలో మొదలైంది. బాపట్లలో ముదిరింది.

బాపట్లకి ఎందుకెళ్ళామంటే, మిల్లు కుర్రాడే చెప్పాడు. "మా పెదనాన్న ఒకాయన ఉన్నాడు సార్, ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా గన్నులతోనే. ఆయనకి మీ ఫొటోలు చూపించండి." బస్సెక్కి వెళ్ళాం. ఎనభై దాటిన మనిషి. వీధి అరుగు మీద కూర్చుని మామిడికాయ ముక్కలు తరుగుతున్నాడు. మావాడి ఫోనులో రిమ్ము ఫొటో చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అబ్బాయ్, ఇది ఎవరి ఐడియా?"

"నాదే బాబాయ్."

"టాపు రేకు మందం ఎంత?"

మావాడు వేళ్ళతో చూపించాడు. ముసలాయన కత్తిపీట పక్కన పెట్టి, మామిడి టెంక ఒకటి తీసి అరుగు అంచున నిలబెట్టి వేలితో ఒక్కటిచ్చాడు. టెంక వీధిలో పడింది. "గన్ను పేలిన ప్రతిసారీ ఇంత దెబ్బ వెనక్కి తంతుంది, నిమిషానికి ఐదొందల సార్లు. నీ రేకు అప్పడం అయిపోద్ది. అసలు పీట ఏదైనా సరే, కాళ్ళుంటయ్. బరువూ తన్నూ ఆ కాళ్ళ మీదగా కింద గట్టి బాడీకి దిగాల. రేకుకి అతికించేది దండేనికి పనికొస్తది, గన్నుకి కాదు."

"సినిమా గన్ను బాబాయ్, పేలదు."

"పేలకపోతే కదలదు. కదలనిది కదిలినట్టు నీ యాక్టరు వణకాల. వణుకుడు చూస్తేనే నాబోటోడికి నవ్వొస్తది."

తర్వాత గన్ను ఫొటో పెద్దది చేసి చూశాడు. అందులో ఇంకో రెండు పట్టుకున్నాడు. బ్రెన్ గన్నుకి గుళ్ళ పెట్టె నెత్తిన ఉంటుంది. 1942లో త్రీనాట్ త్రీ గుండుకి ఆ పెట్టె అరటికాయలా వంపు తిరిగి ఉండాలి. మావాడు నిటారుగా చేయించాడు. నిటారు పెట్టె 1950ల తర్వాత సెవెన్ సిక్స్‌టూ గుండుకి మార్చినప్పటి సంగతి. రెండోది ఇంకా తమాషా. బ్రెన్ గన్నులో పేలిన ఖాళీ తూటాలు పక్కకి కాదు, కిందికి రాలతాయి. "నీ గన్ను క్యాబిన్ మీదుంది. కింద డ్రైవరున్నాడు. కాలే ఇత్తడి వాడి చొక్కా కాలర్లో పడుద్ది. బండి స్టేషన్లోకి కాదు, కాలవలోకి పోద్ది."

నేను నవ్వాను. మావాడు నవ్వలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ ముసలాయన ఇల్లు వదిలి వచ్చేముందు ఇంకో ముక్క చెప్పాడు. బాపట్లకి దగ్గర్లోనే సూర్యలంక. అక్కడ వైమానిక దళం స్టేషనుంది, సముద్రం మీదికి క్షిపణులు ప్రయోగించి చూస్తారు. 2023 డిసెంబరులో అక్కడ సమర్ అనే దాన్ని పరీక్షించారు. విమానం రెక్క కింద వేలాడాల్సిన పాత రష్యా క్షిపణుల్ని లారీ మీద పీట కట్టి నేల మీంచి వదిలేట్టు మన వైమానిక దళంవాళ్ళే తయారుచేసుకున్నారు. "చూశావా అబ్బాయ్, క్షిపణి పాతదే, లారీ ఎప్పుడూ ఉండేదే. తెలివంతా పీటలో ఉంది. పీట మార్చారు, పని మారింది." ఈ మాటకి నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆయన మామిడి ముక్కలు పొట్లం కట్టి ఇచ్చాడు.

తిరుగు ప్యాసింజర్లో, నిడుబ్రోలు దాకా మావాడు నోరు విప్పలేదు. దాటాక అన్నాడు: "సరేరా. రిమ్ము తీసేస్తా. కాళ్ళున్న గుంజ వెనక తొట్టిలో పెట్టిస్తా. పెట్టె వంపు తిప్పిస్తా. అప్పుడు కరెక్టేగా?"

ఇక్కడ నేను చెప్పిన మాటకి ఇద్దరం గొడవపడ్డాం. పీట కరెక్టే, సీను తప్పు అన్నాను. మనకి తెలిసిన కథలో ఉన్నది పోలీసు కాల్పులు. లారీ నెత్తిన మెషిన్ గన్ను ఎక్కడుంది?

"ఉంటే ఏం పోయింది? తెల్లవాడి క్రూరత్వం ఇంకా బాగా తెలుస్తది."

అప్పుడు వాడికి జలియన్‌వాలాబాగ్ గుర్తుచేశాను. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్లో డయ్యరు రెండు ఆర్మర్డ్ కార్లు వెంటపెట్టుకెళ్ళాడు, మెషిన్ గన్నులు బిగించినవి. తోటలోకి వెళ్ళే సందు ఇరుకు. కార్లు పట్టలేదు. బయటే ఆగిపోయాయి. గన్ను కారుకి బిగించి ఉంది కాబట్టి, కారు ఎక్కడ ఆగిందో గన్నూ అక్కడే ఆగింది. లోపల కాల్చింది యాభై మంది, భుజాన పెట్టుకున్న మామూలు రైఫిళ్ళతో. పది నిమిషాలు. 1,650 గుళ్ళు. సర్కారు ఒప్పుకున్న లెక్కే 379 మంది. తర్వాత హంటర్ కమిటీ ముందు, కార్లు లోపలికి పట్టి ఉంటే మెషిన్ గన్నులు వాడేవాడివా అని అడిగితే, బహుశా వాడేవాణ్ణేనని చెప్పాడు. అటెన్‌బరో 1982లో 'గాంధీ' తీసినప్పుడు ఆ బండి సందు దగ్గర ఆగిపోవడం చూపించాడు. ఎవరో ఉత్సాహవంతుడు కారుని తోటలోకి తోలి గన్ను పేల్పించాడనుకోండి. ఢడఢడ బాగుంటుంది, హాలు దద్దరిల్లుతుంది. కానీ అప్పుడు చంపింది మిషను అవుతుంది. ఒక్కో మనిషి తుపాకీ ఎత్తి, గురి చూసి, గుర్రం లాగి, మళ్ళీ గుండు నింపుకుని, మళ్ళీ ఎత్తాడన్న సంగతి గాలికి పోతుంది.

"నీ ఊళ్ళో ఏడుగురూ అంతేరా. లారీ నెత్తిన మరతుపాకి పెట్టావనుకో, పిల్లలు అనుకునేది 'అంత పెద్ద గన్ను పేలితే ఏడుగురేనా' అని. నువ్వు క్రూరత్వం పెంచట్లా. ఆ ఏడుగురిని తగ్గిస్తున్నావ్."

మావాడు కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాడు. ఆ ఏడాదే బీహారులో కొన్నిచోట్ల జనం మీద విమానాల్లోంచి మెషిన్ గన్నులు పేల్చారు, సర్కారే ఒప్పుకుంది. అక్కడి కథ తీసేవాడు విమానం పెట్టాల్సిందే, పెట్టకపోతే అదీ తప్పే. ఎక్కడిది అక్కడ ఉండాలి, అంతవరకే నా గొడవ.

"మరి లారీ బోసిగా ఉంటదిరా," అన్నాడు కాసేపటికి. వాడు ఆర్టు డిపార్టుమెంటువాడు, బోసిగా ఉన్న ఫ్రేము చూస్తే వాడికి నిద్ర పట్టదు. దానికి నా దగ్గర మందుంది. యుద్ధకాలంలో పెట్రోలుకి రేషను. బస్సుల వెనక నిలువెత్తు ఇనప డ్రమ్ములు బిగించి, బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నడిపేవారు. బొగ్గు బస్సులని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఎక్కేముందు కండక్టరు చక్రం తిప్పి నిప్పు రాజెయ్యాలి, ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తొయ్యాలి. "స్టేషను బయట రోడ్డు మీద ఒక బొగ్గు బస్సు పెట్టు. పొగ వస్తది, నిప్పు కనపడుద్ది, మసి కొట్టుకున్న కండక్టరు ఉంటాడు. ఫ్రేము నిండుద్ది, అబద్ధం ఉండదు. పోలీసు లారీ మామూలు చెక్క బాడీ లారీ, రెండు బెంచీలు, టోపీలు, రైఫిళ్ళు. అంతే."

వాడి కళ్ళు వెలిగాయి. బొగ్గు డ్రమ్ముకి కొలతలు అక్కడే టికెట్టు వెనక గీశాడు.

తెనాలి దిగి, స్టేషను నుంచి నడుచుకుంటూ రణరంగ చౌక్ దాకా వెళ్ళాం. రాత్రి ఎనిమిదయింది. స్తూపాల దగ్గర ఎవరో కుర్రాళ్ళు బళ్ళ మీద కూర్చుని రీల్సు చూసుకుంటున్నారు. మావాడు వాళ్ళలో ఒకణ్ణి "ఇవి ఎవరివి తమ్ముడూ?" అని అడిగాడు. వాడు స్తూపాల వంక చూసి, లెక్కపెట్టి, "ఏడున్నయ్ అన్నా," అన్నాడు. అంతవరకు కరెక్టే.

మర్నాడు గ్యాసు కట్టరు తెచ్చి రిమ్ము కోసేశారు. నేను దగ్గరుండి చూశాను. కోసేటప్పుడు టాపుకి నిజంగానే చిల్లు పడింది. పెద్దమనిషికి ఫోను చేసి సంగతి చెప్పారు. ఆయన ముందు నవ్వాడు, తర్వాత "గన్ను లేకుండా ట్రైలరు ఎవడు చూస్తాడయ్యా, మళ్ళీ ఆలోచించుకో," అని పెట్టేశాడు. రెండో చెక్కు ఇంకా రాలేదు. ఈ కాలమ్ ప్రెస్సుకి వెళ్ళే టైముకి కూడా ఆయన ఫోను ఎత్తట్లేదు. మావాడు నా మొహం చూసి ఏమీ అనలేదు గానీ, అనకపోవడమే నాకు కష్టంగా ఉంది. సలహా ఇచ్చింది నేను, చెక్కు పోయేది వాడిది. ఇప్పటికి మొదటి చెక్కు డబ్బుతో బొగ్గు డ్రమ్ము కొట్టిస్తున్నాడు. మామూలు లారీ కోసం మాత్రం వెతుకుతున్నాడు. 1942కి ముందు నాటి ఫోర్డు గానీ చెవ్రొలే గానీ, చెక్క బాడీ ఉన్నది, గుంటూరు జిల్లాలోనో బాపట్ల జిల్లాలోనో ఎవరి షెడ్డులోనైనా ఉంటే ఈ పత్రిక చిరునామాకి ఒక కార్డు ముక్క రాయండి. నడవకపోయినా ఫరవాలేదు, తోసుకుంటారట.

రేపల్లె మిత్రమా, మీ లారీ తీసుకోలేకపోయాం, అది పోలీసులది కాదు, మిలిటరీది. ఏమీ అనుకోకండి. మావాడి తర్వాతి బొమ్మ యుద్ధం కథేనట. అద్దె ఎంతో ఇప్పుడే చెప్పమంటున్నాడు, మూతతో సహా.

వచ్చేవారం: పౌరాణికంలో చేతిగడియారం. ఈసారి నేను ముందు వెళ్ళి చూసే రాస్తాను.